ముక్కు దారి భోజనం

"నల్లి కాదొదినా, ఆగు" అంటూ సుభద్ర వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి దాలమ్మ పని సగం అయిపోయింది.

పరుపు పెరట్లో ఎండకు పడి ఉంది. దుప్పట్లు తీగెక్కాయి. మంచం గోడకు నిలబడి ఉంది. దాలమ్మ చీర ఎగదోపి, మసిగుడ్డతో పట్టుకున్న గిన్నెడు మరిగే నీళ్లను మంచం కోళ్ల సందుల్లో పోయబోతోంది. ఆ మంచం మనిషి బంగారయ్య మాత్రం వరండాలో కుర్చీలో కూర్చుని, ముక్కులోంచి వేలాడే గొట్టాన్ని చెవి వెనక్కి సర్దుకుంటూ, కన్నకూతురి దండయాత్రను చూస్తున్నాడు. ఆపమందామంటే ఆయనకు గొంతు లేదు.

"ఏటి కాదు? పక్కింటి ఊర్మిళ గోడ మీంచి మూడుసార్లు సెప్పింది. నాక్‌మే నల్లీ, సాఫ్ కరో, సాఫ్ కరో అని. అయ్య ముక్కులోకి నల్లి దూరేదాకా ఇంటిల్లిపాదీ ఏటి సేస్తన్నారు?"

"నలీ అంటే ఇందీలో గొట్టం ఒదినా. ముక్కులో గొట్టం శుబ్బరంగా ఉంచమంది, అంతే."

దాలమ్మ గిన్నె దించింది. పసితనం నుంచి అమ్మమ్మ దగ్గర బొబ్బిలిలోనే పెరిగి, అక్కడే పెళ్లాడి, నిన్న సాయంత్రమే ఈ హిందీ ఊళ్లో రైలు దిగిన మనిషి. బొబ్బిలి నుంచి వచ్చే మనిషి యుద్ధం వెంట తెచ్చుకోకుండా ఎలా వస్తుంది?

మరో రోజైతే ఈ ముక్క పట్టుకుని రైల్వే క్వార్టర్ల లైనంతా నెల్లాళ్లు నవ్వేది. నిన్నటి తూకం తర్వాత ఆ ఇంట్లో నవ్వు కూడా గొట్టంలోంచి పోయాల్సిన సరుకైపోయింది.

కరెంటు పోతే ఇల్లు చీకటవడం అందరికీ తెలుసు. బంగారయ్య ఇల్లు కరెంటు పెట్టించాక చీకటైంది. నాగపూర్‌లో గొంతుకి ముప్పై మూడు సార్లు కరెంటు పెట్టారు. క్యాన్సరు గడ్డ కరిగింది. దానితో పాటు మాట కరిగింది, మింగుడు కరిగింది, ఇప్పుడు మనిషే కరుగుతున్నాడు. తిరిగొచ్చిన నాడు నలభై ఏడు కిలోలు. నిన్న నలభై ఒకటి.

"సోమవారం మళ్లీ తూస్తాను" అన్నాడు డాక్టరు. "నలభైకి దిగితే పొట్టకి కన్నం వేసి అక్కడ గొట్టం పెట్టాలి. ఈ ఒంటికి మత్తిస్తే లేస్తాడని మాత్రం నేను రాసివ్వను."

ఇవాళ గురువారం.

*

"అయితే తప్పెక్కడుందో సెప్పండి" అంది దాలమ్మ, పరుపు తిరిగి వేస్తూ. "రోజుకి ఆరు గ్లాసులు పోస్తన్నారంటారు. గేదెకి పోసినా ఈపాటికి ఈనేది. మరి ఆరు గ్లాసులూ ఎటు పోతన్నాయి?"

అడిగింది తమ్ముణ్ణి. చూసింది మరదల్ని.

సూర్యారావు చెంపలకు నురగ పూసుకుని అద్దం ముందు ఉన్నాడు. వ్యాగన్ల వర్క్‌షాపులో గుమాస్తా. విరిగిన వ్యాగన్లకు కాగితాలు రాసే మనిషికి విరిగిన తండ్రిని ఏ కాగితం మీద రాయాలో పాలుపోవడం లేదు. ఇవాళ సెలవు పెట్టాడు గానీ, సెలవు పెట్టి చేయగలిగిందేమిటో అతనికే తెలియదు.

"నాకు తెల్దప్పా. సుభద్ర కలుపుతాది. అమ్మ పోస్తాది."

"ఏటి కలుపుతాదో?"

సుభద్ర ఒక్కొక్కటే చెప్పింది. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడకేసి, పాలు పోసి, ఉడకబెట్టిన గుడ్డు వేసి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడకడుతుంది. కరెంటు లేని పూట రోట్లో నూరుతుంది.

"వడకడితే సారమంతా గుడ్డలోనే ఉండిపోద్ది కదేటి."

"వడకట్టకపోతే గొట్టం పూడిపోద్ది ఒదినా."

"పల్సగా కలిపితే పూడదు. పని సులువు."

సుభద్ర చేతిలో చీపురు ఆగింది. నెల రోజులుగా ఆమె తన పిల్లలకు పెట్టే అన్నం ఎప్పుడైనా మాడ్చింది గానీ మామ గ్లాసుకు ఒక్క పూట నీళ్లు కలపలేదు. భర్త వైపు తిరిగింది.

"మీరూ అదే అనుకుంటన్నారా?"

సూర్యారావు గడ్డం గీసుకుంటున్నవాడు కదా, నోరు కదిపితే తెగుతుందన్నట్టు ఊరుకున్నాడు. తెగింది. గడ్డం కాదు.

"సరే" అంది సుభద్ర. "ఇవాళ మీ అప్పే కలుపుతాది. నాను ముట్టుకోను."

"నాకేటి తెలుసు మీ మిక్సీలు?"

"తెలీనప్పుడు తెలీనట్టే ఉండాల ఒదినా."

లోపలి గదిలో వరహాలమ్మ సిరంజిని వేడినీళ్లలో కడిగి, దులిపి, శుభ్రమైన గుడ్డలో చుడుతున్న చప్పుడు వినిపించింది. బంగారయ్య భార్య ఆమె. ఈ ఇంట్లో జరిగే పోట్లాటల్లో ఆమె ఓటు ఎప్పుడూ పడదు. కొంగు మాత్రం పడుతుంది, నోటి మీద.

*

అందరి కళ్లముందూ జరగని పని ఇంట్లో ఒక్కటే. పోయడం.

బంగారయ్య ముప్పై ఎనిమిదేళ్లు మాలుగాడీ, అంటే గూడ్సు బండి గార్డు. బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, ఒక్కడే క్యారియరు విప్పుకుని తిన్న మనిషి. తింటుంటే ఎవరు చూసినా దిష్టి అనేవాడు. అలాంటివాడికి ముక్కుతో తినే రోజు వచ్చింది. మొదటివారం కోడలు గ్లాసు పట్టుకుని వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటి నుంచి గ్లాసు గుమ్మం దాకా సుభద్రది, గుమ్మం లోపల వరహాలమ్మది. కర్టెన్ పడేది. పది నిమిషాలకు కర్టెన్ లేచేది. గ్లాసు కడిగి బోర్లించి ఉండేది.

ఆరు పూటలూ అంతే. ఖాళీ గ్లాసు చూసి సుభద్ర తృప్తిపడేది.

పన్నెండు గంటలకు విజయకుమారి వచ్చింది. రైల్వే ఆసుపత్రి నర్సు, రెండు క్వార్టర్ల అవతల ఉంటుంది, రాజమండ్రి మనిషి. రెండ్రోజులకోసారి డ్యూటీ మధ్యలో వచ్చి ముక్కు మీది ప్లాస్టరు మార్చి పోతుంది. ఇంట్లో అడుగుపెట్టగానే గాలి పసిగట్టింది.

"ఏంటీ, ఎవరింటికైనా పొరపాటున వచ్చానా? ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు."

దాలమ్మ తూకం సంగతి చెప్పింది. పల్చన సంగతీ చెప్పింది.

విజయకుమారి సుభద్ర చేతిలోని గ్లాసు తీసుకుని వంచి చూసింది, వేలికి రాసుకుని చూసింది. ఒట్టు పెట్టి మానేసిన సుభద్ర పదకొండున్నరకే ఒట్టు తీసి గట్టున పెట్టి కలిపేసింది మరి.

"ఎంత చిక్కగా ఉండాలో అంత చిక్కగా ఉంది. మా వార్డులో కూడా ఇంత శ్రద్ధగా కలపరు. దీంట్లో తప్పు లేదండీ."

సుభద్ర ముక్కు చీదుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.

"పిన్నిగారూ, ఈ పూట కర్టెన్ వెయ్యకండి. మీరే పొయ్యండి, నేను చూస్తాను" అంది నర్సు.

బంగారయ్య వద్దని చెయ్యి ఊపాడు.

"బాబాయిగారూ, బ్రేకు డౌనయిన బండిని తనిఖీ చెయ్యొద్దంటారా? మీ రూలు పుస్తకంలో ఉందా?"

ఆయన చెయ్యి దించాడు. రూలన్న మాట ముందు ఆయన ఎప్పుడూ దించేవాడే.

వీపు వెనక రెండు దిండ్లు పెట్టారు. వరహాలమ్మ గొట్టం మూత తీసి, సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి చూసి, గొట్టం కడుపులోనే ఉందని తేల్చుకుంది. సిరంజి గొట్టానికి తగిలించి ఎత్తిపట్టి, గ్లాసులోంచి కొంచెం కొంచెంగా వంచింది. అక్షరం ముక్క రాని ఆమె చేతికి ఆ పని మంత్రం వచ్చినట్టు వచ్చింది. తెల్లటి గంజి సన్నగా దిగుతోంది. సూర్యారావు గుమ్మంలో, దాలమ్మ అతని వెనక, నిలబడి చూస్తున్నారు.

గ్లాసు ముప్పాతిక అయింది. బంగారయ్య కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి ఎదుటికి.

వరహాలమ్మ ఆ క్షణానే గొట్టం నొక్కింది. గ్లాసు కిందపెట్టి, నీళ్లతో గొట్టం కడిగి, మూత బిగించింది. మిగిలిన గ్లాసు మీద కొంగు కప్పింది.

"ఇంకా ఉందిగా పిన్నిగారూ" అంది విజయకుమారి.

"ఆయన ఆపమన్నాడు కదా."

"రోజూ ఇక్కడికే ఆపుతారా?"

"ఇక్కడికే."

"ఆరు పూటలా?"

"గార్డు సెయ్యెత్తినాక బండి నడుపుతానేటమ్మా?" అంది వరహాలమ్మ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

సూర్యారావు గదిలోకి వచ్చాడు. వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అయ్యా, కడుపు నొప్పి పెడతందా?"

లేదని తల.

"వాంతి వచ్చినట్టుంటదా?"

లేదు.

"మరెందుకు ఆపుతన్నావు?"

బంగారయ్య దిండు పక్కన పలక ఉంది. గొంతు పోయిన నాటి నుంచి ఆయన మాటలన్నీ దాని మీదే. బలపం తీసుకుని, చాలని హిందీలో ఒక్క మాట రాశాడు. బస్.

"బస్ అంటే? జన్మంతా రైలు నడిపి ఇప్పుడీ బస్సేటయ్యా?" సూర్యారావు నవ్వబోయి మానేశాడు. "నాగపూర్‌లో నలభై ఐదు దినాలు ఆస్పత్రి వరండాలో పడుకున్నాను. నిన్ను తీసుకొచ్చాను. నువ్వేమో ముద్ద ముద్దకీ ఎర్రజెండా సూపిస్తావు. ఎల్లిపోదామనుంటే సెప్పు. రాయి. ఆ పలక మీదే రాయి, పోతానని. మేమూ పోయడం మానేస్తాము."

"సూరీ" అంది దాలమ్మ.

"నువ్వుండప్పా. మనవేం తప్పు సేసామో తెల్వాల కదా."

బంగారయ్య పలక తుడిచాడు. తడి పలకను గుండెల మీద పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

కొడుకు చూస్తుండిపోయాడు. ఇంత తెలిశాక చేయగలిగింది ఏదో ఒకటి ఉంటుందనుకున్నాడు. తినని మనిషిని బతిమాలవచ్చు, నోరు తెరిపించవచ్చు, తిట్టవచ్చు. నోటితోనే పని లేని మనిషిని ఏమని బతిమాలాలి? చెయ్యి పట్టుకుని ఆపి మిగతాది పోసేయొచ్చు. నలభై ఒక్క కిలోల చెయ్యి, పట్టుకోవడం ఎంతసేపు? ఆ ఆలోచనకు తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడు పెరట్లోంచి వచ్చిన సుభద్ర చిన్న ప్రశ్న అడిగింది.

"గ్లాసేది?"

గ్లాసు లేదు. వరహాలమ్మా లేదు.

"పావు గ్లాసు మిగిలిందన్నారు కదా. రోజూ మిగుల్తాదన్నారు. మరి నాకెప్పుడూ ఖాళీ గ్లాసే వచ్చింది. కడిగి బోర్లించి ఉండేది." సుభద్ర అందరి మొహాలూ చూసింది. "మిగిలింది ఎటెల్తాది?"

*

వంటింటి తలుపు వెనక, గోడకు మొహం పెట్టి, వరహాలమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ముందు బంగారయ్య ఇత్తడి పళ్లెం. ఆయన నోటితో తిన్నన్నాళ్లూ తిన్న పళ్లెం. గ్లాసులో మిగిలిన గంజి అందులో పోసుకుంది. చేతివేళ్లతో జుర్రుకుంటోంది.

ముందు చూసింది దాలమ్మ. తల్లి తల తిప్పింది. దొంగతనం చేస్తూ దొరికిన మొహం కాదు. భోంచేస్తుంటే ఎవరో వచ్చిన మొహం.

"ఏటమ్మా ఇది?"

"అన్నం తింతన్నాను."

"ఇది అన్నమేటి?"

"ఆయన ఎట్టింది."

సుభద్ర పొయ్యి గట్టు పట్టుకుంది. "అత్తా, రోజూ అడుగుతన్నాను కదా, తిన్నావా అని. తినేశానన్నావు."

"తిన్నానే. అబద్దమాడానేటి?"

సుభద్ర నెల రోజులు వెనక్కి వెళ్లి చూసుకుంది. తనూ పిల్లలూ ఒక పూట, భర్త షిఫ్టు దిగాక ఒక పూట, అత్త ఎప్పుడూ 'మీ మామకి పోసినాక'. అత్తను అన్నం ముందు కూర్చుని ఉండగా తను చూసిందెప్పుడు? గుర్తు రాలేదు. జాకెట్టు చేతులు వదులయ్యాయని పోయినవారం తనే కుట్టి బిగించి ఇచ్చింది. ఎందుకు వదులయ్యాయో అడగలేదు. ఆ ఇంట్లో తూకం వేసింది ఒక్కర్నే.

విజయకుమారి వచ్చి పక్కన చతికిలబడింది. "పిన్నిగారూ, మీరు అన్నం తిని ఎన్నాళ్లయింది?"

వరహాలమ్మ లెక్కపెట్టలేదు. చెప్పవలసిందంతా మెల్లగా చెప్పింది. పెళ్లయిన మూడో రోజు అత్తగారు ఈ పళ్లెమే చూపించి, మొగుడు తిని లేచినాక అందులోనే తినాలమ్మా అంది. నలభై రెండేళ్లు అలాగే తింది. బండి ఏ వేళకొచ్చినా, ఆయన తినేదాకా ఆమె ముట్టుకునేది కాదు. ఆయనా అలాగే, పళ్లెం ఎప్పుడూ ఊడ్చేవాడు కాదు. మాంసం వండిన రోజైనా, మజ్జిగన్నం రోజైనా, పక్కన ఒక ముద్ద విడిచి లేచేవాడు. ఆ ముద్ద ముందు తిని, పైన తనది వడ్డించుకునేది.

"మరి ఇప్పుడు పళ్లెం లేదు, ముద్ద లేదు" అంది. "ముక్కులో పోస్తే తిన్నట్టా, తిననట్టా? తిననట్టయితే నానెలా తినేది? పోసిన మొదటి దినం సెయ్యెత్తాడు. పావు గ్లాసు మిగిలింది. అప్పుడు తెలిసింది. ఇది నాకని."

ఆయన పాలల్లో ఆమె పాలు. పూటకు పావు గ్లాసు, రోజుకు గ్లాసున్నర. దాలమ్మ పొద్దుటి నుంచి ఇల్లంతా తిరగేసి వెతికిన సరుకు అదే.

"అయ్య నిండకుండానే ఆపేస్తన్నాడు. దాని మీద అన్నం వడ్డించుకోవచ్చు కదమ్మా" అంది దాలమ్మ.

"అన్నం ఆయన తిన్లేదు కదే. ఆయన తిన్నదే నాను తినాల." పళ్లెం పక్కకి జరిపి అంది, "ఆయనకి నిండిపోయి ఆపుతన్నాడనుకున్నాను. ఆకలుండి ఆపుతన్నాడని నాకు తెల్దు. తెలిస్తే పోస్తానా, తాగుతానా?"

*

అందర్నీ గదిలో కూర్చోబెట్టి విజయకుమారే చెప్పింది. గోడవైపు తిరిగిన బంగారయ్యను తిప్పి మరీ చెప్పింది.

"బాబాయిగారూ, మీరు ఆపేది ఈవిడ కోసం. మీరు మిగల్చకపోతే ఈవిడ పస్తుంటుందని. ఈవిడ తాగేది మీ కోసం. మీరు తిన్నదే తనూ తినాలని. మీకు నిండిందని ఈవిడ అనుకుంది. ఈవిడకి అదొక్కటే తిండి అని మీరెరుగుదురు. మధ్యలో సూర్యారావుగారు మీరు చావుకి సిద్ధమయ్యారనుకున్నారు. దాలమ్మగారు సుభద్ర నీళ్లు కలుపుతోందనుకున్నారు. ఒక్కరూ ఒక్కర్నీ అడగలేదు."

బంగారయ్య అవునని తలూపాడు. కళ్లలోంచి నీళ్లు జారి ప్లాస్టరు తడిసింది.

దాలమ్మ మరదలి చెయ్యి పట్టుకోబోయింది. సుభద్ర చెయ్యి ఇచ్చింది గానీ మొహం ఇవ్వలేదు. సూర్యారావు ఎవరి వైపు చూడాలో తెలియక గొట్టం వైపు చూశాడు.

"తెలిసిపోయింది కదా, ఇంక బాదేటి" అన్నాడు చివరికి. "సుభద్రా, అమ్మకి అన్నం ఎట్టు. అయ్యకి మళ్లీ ఒక పావు కలుపు. ఇద్దరికీ ఇక్కడే."

ఇత్తడి పళ్లెంలో వేడన్నం, పప్పు వచ్చాయి. వరహాలమ్మ ముందు పెట్టారు. వెనకే గ్లాసు వచ్చింది. విజయకుమారి సిరంజి ఎత్తింది.

బంగారయ్య చెయ్యి లేచింది.

ఒక్క చుక్క పడకముందే. మళ్లీ అదే అరచెయ్యి. ఎడంచేత్తో పలక అందుకుని, ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు రాశాడు. రాసి భార్య వైపు తిప్పాడు. ఆమెకు చదువు రాదని ఆయనకు గుర్తు లేదో, ఉన్నా తిప్పాలనిపించిందో.

"ఏటి రాశాడు?" అంది వరహాలమ్మ.

సూర్యారావు చదివాడు. "నలభై రెండేళ్లు నేనే ముందు తిన్నాను. ఇవాళ అది ముందు."

"ఇంకోపాలి సదువు."

ఇంకోసారి చదివాడు. వరహాలమ్మ అన్నం కలిపింది. ముద్ద చేసింది. ముద్ద పళ్లెం అంచు దాకా వచ్చి ఆగింది.

ఒంటి లైను మీద రెండు స్టేషన్లు, నీ బండి ముందు రానీ అంటే నీ బండి ముందు రానీ అని కూర్చుంటే, ఏ బండీ కదలదు. ఈ సంగతి ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు బంగారయ్యే. అయినా చెయ్యి దించలేదు.

"తినమ్మా" అంది దాలమ్మ.

"తినత్తా" అంది సుభద్ర.

"రాయడానికి ఆయనకి సెయ్యాడింది" అంది వరహాలమ్మ, ముద్ద వైపే చూస్తూ. "తినడానికి నాకు సెయ్యాడ్డంలేదు నాయనా. నానేటి సెయ్యను?"

గ్లాసులో గంజి మీద మీగడ కట్టడం మొదలైంది. విజయకుమారి సిరంజి పట్టుకున్న చెయ్యి మార్చుకుంది. బంగారయ్య చెయ్యి మాత్రం అలాగే ఉంది, పైకి.